బండ దగ్గు

మొన్న దేవరకొండ బస్టాండు పక్క హోటల్లో చాయ తాగుతుంటే వెనక బల్ల మీద ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. మా ఊరివాళ్లే.

"సొరంగపోడు పోయిండట గదా" అన్నాడొకడు.

"టీబీ మనిషి. గిన్నేండ్లు బతుకుడే ఎక్కువ" అన్నాడు ఇంకొకడు.

నేను గ్లాసు కింద పెట్టి వెనక్కి తిరిగాను. "టీబీ కాదు" అన్నాను.

"ఏందే పెద్దాయినా, నువ్వేమన్న డాక్టర్వా?"

"కాదు. కాని డాక్టరమ్మ జెప్పంగ పక్కన కూసొని ఇన్నోణ్ని" అన్నాను. అది ఏ జబ్బో, ఎట్లా వస్తుందో మొదలుపెట్టేలోపు బస్సు వచ్చింది. ఇద్దరూ సంచులు సర్దుకుని ఎక్కిపోయారు. అందుకే ఇది రాస్తున్నాను. బస్సు వచ్చినా కాగితం మీది మాట ఆగదు.

ఆయన పేరు రాయను. పనిలో ఆయన్ను పేరుతో పిలిచినవాడు ఎవడూ లేడు. కోలారు బంగారు గనుల్లో 'తెలుగోడు'. హిమాచల్ కొండల్లో 'మద్రాసీ'. ఊరికి తిరిగి వస్తే 'సొరంగపోడు'. తెలంగాణ వచ్చిన రోజు ఊళ్లో అందరూ రంగులు చల్లుకుంటుంటే ఆయన నా దగ్గరికి వచ్చి, "ఇగ నన్నెవ్వడు మద్రాసోడ అనడన్నా" అని సంబరపడ్డాడు. అప్పటికి ఆయన మా వీధి చివరి దాకా నడవాలంటే దారిలో ఒక అరుగు చూసుకోవాల్సి వచ్చేది. ఆ పేరుతో పిలిచే చోటికి మళ్లీ పోయే ఊపిరి లేదు.

మనిషి పొట్టి. భుజాలు మాత్రం గుమ్మంలో అడ్డంగా పట్టవేమో అన్నట్టు ఉండేవి. ఎడమ చెంప మీద, మెడ మీద నీలం చుక్కలు. పచ్చబొట్లు అనుకునేవాళ్లు కొత్తవాళ్లు. మందు పేలినప్పుడు చర్మంలోకి దిగిన రాతిపొడి అది. "దేవుని బొట్లు పెట్టించుకున్నవా తాతా?" అని ఎవరైనా అడిగితే, "దేవుడు గాదు బిడ్డా, ఠేకేదారు పెట్టిండు" అని తను పనిచేసిన కంట్రాక్టరును తలుచుకునేవాడు.

ఏ కప్పు కిందికి పోయినా ముందు కర్రతో దాన్ని కొట్టి వినడం ఆయన అలవాటు. గనిలో లోపలికి వెళ్లేముందు ఇనుప గడతో పైబండను కొట్టి చూస్తారు. ఖంగుమంటే మంచి బండ, డొల్లగా మోగితే వదులు బండ. ఆ అలవాటు ఊరికి కూడా తెచ్చుకున్నాడు. పెళ్లి పందిట్లో స్తంభం కొట్టేవాడు. కొత్తగా కట్టిన బస్సు షెల్టరు గోడ కొట్టి, "గిది నిలవది" అని తేల్చి, వానలో బయట నిలబడి తడిశాడు. లోపల పొడిగా నిలబడ్డవాళ్లం నవ్వాం. నిజం చెప్పాలంటే ఆయన పడిపోతుందని చెప్పిన కప్పు ఒక్కటీ పడలేదు. బండ సంగతి ఆయనకు తెలుసు, సిమెంటు సంగతి తెలియదు. ఆ మాటే అన్నాను ఒకసారి.

"నువ్వు సెప్పినవి ఒక్కటన్న కూలిందా తమ్మీ?"

"ఇంక కూలలేదను" అన్నాడు.

అన్నం తినేముందు జొన్నరొట్టె అంచు తుంచి పక్కన పడేసేవాడు. కాకికి కాబోలు, పెద్దలకు కాబోలు అనుకున్నాం. అడిగితే, "కిందోళ్లకు" అన్నాడు. గని అడుగున ఎవరో ఉంటారట. కనిపించరు. గోడ అవతల నుంచి తడుతుంటారు. వాళ్లకు ముద్ద పెడితే ప్రమాదం వచ్చేముందు తట్టి చెబుతారు, పెట్టకపోతే ఊరుకుంటారు. ఇది మన దగ్గరి నమ్మకం కాదు. నాకు అనుమానం వచ్చి ఎవరు నేర్పారని తరచి అడిగాను. కోలారులో ఆయన చేరేనాటికి దొరలు దాదాపు వెళ్లిపోయారు గానీ, వాళ్ల కింద పనిచేసిన ముసలి మేస్త్రీలు ఉన్నారు. దొరలు రొట్టె అంచు విసరడం చూసి వాళ్లూ విసిరారు, వాళ్లను చూసి ఈయనా విసిరాడు.

నేను బడికి పోయినవాణ్ని కాదు. కిరాణా పొట్లాల మీద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. తెలియని సంగతి ఎదురైతే నాకు నిద్ర పట్టదు. నల్లగొండ గ్రంథాలయంలో వెతికి పట్టుకున్నాను. ఆ దొరలు ఇంగ్లండులో ఓ మూలనున్న కార్న్‌వాల్ అనే సీమవాళ్లు. తరతరాలుగా తగరం, రాగి తవ్వినవాళ్లు. అక్కడ గనులు మూతబడితే ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అమెరికా అంటూ ప్రపంచంలో ఎక్కడ భూమికి బొక్క పెట్టాలంటే అక్కడికి పోయారు. మన కోలారుకూ వచ్చారు. ఈ సంగతి చెబితే ఆయన చుట్ట పక్కన పెట్టాడు.

"అంటే ఇంటికాడ పనిలేక వచ్చిండ్రా?"

"అంతే."

"పెండ్లాం పిల్లల్ని ఇడిసిపెట్టి?"

"శానమంది ఇడిసే వచ్చిండ్రు."

"అయితె ఆళ్లు గూడ పాలమూరోళ్లేనాయె" అన్నాడు. మా వైపు వలసకూలీ అంటే పాలమూరోడే. నేను నవ్వబోయాను. ఆయన ముఖం చూసి ఆగిపోయాను. "మళ్ల ఇంటికి పోయిండ్రా?"

"కొందరు పోయిండ్రు. కొందరు ఆడ్నే పోయిండ్రు."

"దగ్గుతోనే" అన్నాడు. అడగలేదు, చెప్పాడు. ఆ రోజు నుంచి ఆ దొరలను ఎప్పుడు తలుచుకున్నా 'మన పాలమూరు దొరలు' అనేవాడు.

ఆయన చూసినన్ని రాష్ట్రాలు మా మండలంలో ఇంకెవరూ చూసి ఉండరు. అయితే చూసిందంతా లోపలి నుంచి. బొంబాయి ఎట్లుంటదని అడిగితే, "సల్లగుంటది" అనేవాడు. బొంబాయి చల్లగా ఉండడమేమిటని ఎదురు ప్రశ్న వేస్తే, "లోపల" అనేవాడు. హిమాచల్ గురించి, "పైన మంచు, లోపల ఉడుకు. బనీను మీద పనిజేసినం" అని ఒక్క ముక్క. కొంకణ్ బండ మెత్తన, హిమాచల్ బండ మొండి, కోలారు బండ పగిలేముందు పగబట్టినట్టు కూర్చుంటుంది. మనుషుల గురించి మనం చెప్పుకునేట్టు చెప్పేవాడు. ఈరోజు ఆ కొంకణ్ సొరంగాల్లోంచి రైళ్లు పోతుంటాయి. చీకటి పడగానే తల్లులు పిల్లల్ని దగ్గరికి లాక్కుంటారు, వెలుగు రాగానే వదిలేస్తారు. ఆ చీకటిని ఎవరు తొలిచారని ఒక్కడూ అడగడు. సొరంగం ముందు నున్నటి రాయి మీద ప్రారంభించిన మంత్రి పేరు చెక్కి ఉంటుంది. ఆ మంత్రి లోపలికి ఎంత దూరం పోయుంటాడో నన్నడగండి, చెబుతాను. రిబ్బను దాకా.

తెలంగాణ రావడానికి మూడు నాలుగేండ్ల ముందు రెండు కాలాలు వానలు ఎగ్గొట్టినప్పుడు మా చెలకలోని బావి పూడిక తీయించాను. వద్దన్నా వినకుండా బావిలోకి దిగాడు. పైన తాడు లాగడానికి మా పక్కింటి పిల్లగాడు, ఇంటర్ తప్పి ఇంట్లో ఉన్నవాడు. ఫోనులో పాట పెట్టుకున్నాడు. పాట ఊపు మీదున్నప్పుడు ఈల వేశాడు.

కింద పార చప్పుడు ఆగిపోయింది. తాడు కదిలింది. మెట్టు మెట్టుకు దగ్గుతూ ఆయన పైకి వచ్చాడు. ఒళ్లంతా బురద. కళ్లు మాత్రం ఎర్రగా.

"ఎవడ్రా ఈలేసింది?"

"నేనే తాతా. పాట మంచిగుందని..."

"మంచిగుంటె ఇంటికి పొయ్యి ఏస్కో. కింద మనిషుండంగ బాయి మీద ఈలేస్తవా?"

"ఏస్తే ఏమైతది?"

"ఐనంక నువ్వు జెప్తవా, నేను జెప్పాల్నా?"

నేను కల్పించుకున్నాను. "తమ్మీ, గది ఒట్టి మూఢనమ్మకం. దిగు."

"మూఢమో గూఢమో. కింద మనిషికి చెవులే కండ్లన్నా. బండ జారేముందు చిటుక్కుమంటది. ఈల ఇంటుంటే చిటుకు ఇనబడ్తదా?"

"ఈ బాయిల బండెక్కడుంది? అంత మట్టే."

ఆయన చుట్టూ చూశాడు, బావిలోకి చూశాడు, పిల్లగాడిని చూశాడు. "ఈయాల్టికి బంద్" అని పార భుజాన వేసుకుని కల్లు మండువ వైపు నడిచాడు. మర్నాడు పొద్దున్నే వచ్చి, ఏమీ జరగనట్టు దిగి, మిగిలిన పూడికంతా తీశాడు. నీళ్లు పడ్డాయి. పడ్డాక పిల్లగాడిని పిలిచి, "ఇప్పుడెయ్రా" అన్నాడు. వాడు సిగ్గుపడి పారిపోయాడు. అప్పుడు ఆయనే, పళ్లు లేని నోటితో గాలి తప్ప చప్పుడు రాని ఈల వేసి తనే నవ్వుకున్నాడు. నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గు చాలాసేపు ఆగలేదు.

ఆ దగ్గు సంగతే ఇప్పుడు చెప్పాలి.

రాతిలో రంధ్రం వేసేటప్పుడు నీళ్లు వదులుతూ వేస్తే దుమ్ము లేవదు. నీళ్లు వదిలితే పని ఆలస్యం. ఆలస్యమైతే ఠేకేదారు ఊరుకోడు. అందుకని ఎండు బండనే తొలిచేవాళ్లు. "బయటికొస్తే ఒకన్నొకడు గుర్తు వట్టకపోదుమన్నా. పిండిగిర్నీలకెళ్లి వచ్చినట్టుంటుంటిమి. దాన్ని జూసి నవ్వుకుంటుంటిమి" అని చెప్పాడు. నవ్వుకున్న దుమ్మే ఊపిరితిత్తుల్లో కూర్చుంది. గట్టిపడింది. ఆ దుమ్మును మింగి ఊళ్లకు తిరిగొచ్చినవాళ్లందరినీ ఊళ్లు ఒకే మాటతో తీసిపారేశాయి: టీబీ. మా ఊరూ అంతే. హోటల్లో అందరికీ గాజు గ్లాసు, ఆయనకు ప్లాస్టిక్ గ్లాసు. చావడి దగ్గర ఆయన కూర్చుంటే పక్కవాడు నిదానంగా లేచేవాడు, ఏదో పని గుర్తొచ్చినట్టు.

నాకు ఒళ్లు మండి ఆయన్ను మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానకు లాక్కుపోయాను. తెమడ పరీక్ష చేశారు, ఎక్సరే తీశారు. చిన్న వయసు డాక్టరమ్మ, ఓపికగల మనిషి. తెమడలో టీబీ లేదని, ఇది రాతి దుమ్ము వల్ల వచ్చిందని, ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది కాదని, కాని తగ్గేది కూడా కాదని చెప్పింది. చివరి మాట చెప్పేటప్పుడు గొంతు తగ్గించింది. ఆయన ఆ మాట పట్టించుకోనేలేదు.

"అంటదా?" అన్నాడు.

"అంటదు తాతా."

"మల్లొకపారి జెప్పు బిడ్డా."

"అంటదు."

ఇంత వెడల్పున నవ్వాడు. తిరుగు బస్సులో ఎక్సరే బయటికి తీసి కిటికీకి ఆనించి, మచ్చల మీద వేలు పెట్టి నాకు చూపించాడు. "గిది హిమాచల్ది. గిది కొంకణ్‌ది. గీ పెద్దది కోలార్ది, సూడు, పగబట్టి కూసున్నది." ముందు సీట్లో ఒకామె భయపడి సీటు మారింది.

బస్సు దిగి నేరుగా హోటలుకు పోయాడు. "గాజు గ్లాసుల పొయ్యి. అంటదంట" అన్నాడు.

"ఎవరు జెప్పిండ్రు?"

"డాక్టరమ్మ."

"తాగుతదా ఆమె నీ గ్లాసుల?" అన్నాడు హోటలువాడు. బల్లల మీదివాళ్లందరూ పగలబడ్డారు. ఆయన కూడా నవ్వి, ప్లాస్టిక్ గ్లాసును చాయతో సహా గల్లాపెట్టె మీద జాగ్రత్తగా పెట్టి బయటికి వచ్చాడు. చచ్చేదాకా ఆ హోటలు గడప మళ్లీ తొక్కలేదు. నేను రెండు తిట్లు తిట్టి వచ్చాను. నాకవి ఇప్పటికీ చాలలేదు.

ఆయనకు ఒక్కతే కూతురు. షాద్‌నగర్‌లో ఇచ్చాడు. అల్లుడు అక్కడి ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఆ సంబంధం కుదిరింది కూడా సొరంగంలోనే. అల్లుడి తండ్రీ ఈయనా బండ తొలిచే ఒకే మిషన్ పట్టినవాళ్లు. బరువు యంత్రం కదా, ఒకడు భుజం ఆనించి తోస్తే ఒకడు పట్టి నిలపాలి. అట్లా ఏండ్లు గడిపినవాళ్లు. 'నీ కొడుకు, నా బిడ్డ' అని అక్కడే మాట అనుకున్నారు. పెళ్లి చూడకుండానే అల్లుడి తండ్రి పోయాడు. ఇదే దగ్గు. ఈయన మాట తప్పలేదు.

కూతురికి కొడుకు పుట్టాడు. యాదగిరిగుట్టలో పుట్టు వెంట్రుకలు తీయిస్తామని కబురు వచ్చింది. మనలో తలవెంట్రుకలు తీసేటప్పుడు పిల్లవాణ్ని మేనమామ ఒళ్లో కూర్చోబెట్టాలి. మేనమామ లేనప్పుడు తల్లిగారి వైపు మగమనిషి ఎవరైనా కూర్చోవచ్చు. ఈయన కూర్చోవాలనుకున్నాడు. కొత్త ధోతి తెచ్చుకున్నాడు. అప్పుడు కూతురు ఫోన్ చేసి ఏడ్చింది. అత్త ఒప్పుకోవడం లేదు. ఈయన అన్న కొడుకును కూర్చోబెడదామంటున్నది. దగ్గు మనిషి ఒళ్లో పసివాణ్ని పెట్టనంటున్నది.

"నడువన్నా పోదాం" అన్నాడు నాతో. పోయాం.

అల్లుడి తల్లి వాకిట్లో కూర్చుని చింతపండు గింజ తీస్తున్నది. మమ్మల్ని చూసి లేచి కుర్చీలు వేసింది. వాకిట్లోనే వేసింది, లోపల కాదు. మర్యాదకు తక్కువ చేయలేదు. చాయ ఇచ్చింది, యోగక్షేమాలు అడిగింది. ఆ తరువాత ఇద్దరూ అసలు మాటలోకి దిగారు.

"చెల్లె, నేను బతికుండంగ పిల్లగాడు మా అన్న కొడుకు ఒళ్లెందుకు కూసోవాలె?"

"నువ్వే జర సమజ్ చేస్కోవాలె అన్నా. పసిపానం."

"నాది అంటేది గాదు."

"గా మాట మా ఆయన గూడ అన్నడు" అంది ఆమె. చేతులు చింతపండులోనే ఉన్నాయి. "నాకు తెల్వదా గీ దగ్గు? ఆరెంపీ దూరముంచుమన్నడు. కంచం వేరే పెట్టిన, చెంబు వేరే పెట్టిన. ఎనుక రేకుల కొట్టంల మంచమేసిన. పిల్లగాడు నాయినా నాయినా అని ఉరుకుతుంటే రెక్క వట్టి గుంజిన. ఆఖరి పూట గూడ దగ్గరికి పోనియ్యలే. గడపల నిలబెట్టి సూపిచ్చిన. గంత జేస్తెనే వాడు మిగిలిండు. ఇప్పుడు వాని కొడుకును తీస్కొచ్చి నీ ఒళ్లెట్ల ఏస్తనే అన్నా?"

నాకు ఆగలేదు. హోటలువాడి నవ్వు, బస్సులో సీటు మారిన ఆడమనిషి, డాక్టరు చదువు చదవకుండా సూదులేసే ఆ ఆరెంపీ ఎవడో వాడు, అందరూ ఒక్కసారిగా కళ్లముందు నిలబడ్డారు.

"గది అంటదమ్మా!" అన్నాను. "డాక్టరమ్మ నా ముంగటనే జెప్పింది. బండ దుమ్ము అది. సిమెంటు లెక్క లోపల గడ్డకట్టింది. సిమెంటు ఒకరికెళ్లి ఇంకొకరికి అంటుతదా? సొరంగంల బండ తొలిసినోళ్లకు ఎవ్వరికైన సరే..."

ఆయన చెయ్యి నా మోకాలి మీద పడింది. పట్టు బిగించాడు. బండ పట్టిన చెయ్యి. నొప్పికి మాట ఆగిపోయింది.

ఆమె చేతులూ ఆగిపోయాయి. "అంటదా?" అంది. నన్ను కాదు, ఎవరినీ కాదు. లేచి లోపలికి పోయింది. చాలాసేపటికి అల్లుడు వచ్చి, "అమ్మ గుట్ట కాడ సూద్దమన్నది మామా" అన్నాడు.

రోడ్డెక్కాక ఆయన నన్ను తిట్టాడు. అంతకు ముందెన్నడూ తిట్టలేదు.

"నీ పుస్తకాలల్ల గీ ముచ్చట రాసిలేదా అన్నా?"

"ఏ ముచ్చట?"

"నాది అంటదంటే ఆయనది గూడ అంటదు గద. ఒక్క మిషన్ పట్టినం. ఒక్క దుమ్ము మింగినం. మరి ఆమె మొగన్ని కొట్టంల పండవెట్టింది ఎందుకైనట్టు? పిల్లగాన్ని రెక్క వట్టి గుంజింది ఎందుకైనట్టు?"

నేను రోడ్డు పక్కనే నిలబడిపోయాను. అంతవరకూ ఆమె మొండితనం మీద కోపంగా ఉన్నాను. ఆమె ఆ మొండితనాన్ని ఎందుకంత గట్టిగా పట్టుకుందో అప్పుడు అర్థమైంది.

"మరి ఇప్పుడెట్ల?" అన్నాను.

"ఒళ్లు నాదే. గది ఇడువ" అన్నాడు. "నువ్వు మాత్రం నోరు దెరువకు."

ఆమె నిరుడు పోయింది. ఇప్పుడు ఈయనా పోయాడు. అల్లుడు ఇది చదువుతాడు. చదవాలి. తండ్రి ఏ పనిచేసి చచ్చిపోయాడో కొడుక్కి తెలియాలి. ఆ తల్లిది తప్పు కాదని కూడా తెలియాలి. దుమ్ము పీల్పించినవాడు చెప్పలేదు, చెప్పవలసినవాళ్లు చెప్పలేదు, ఆమె చేతికి దొరికిన మాటతో ఆమె తన బిడ్డను కాపాడుకుంది. అందుకే ఆనాడు గుట్ట దగ్గర జరిగింది దాచకుండా రాస్తున్నాను.

తలనీలాలు తీసే చోట జనం కిటకిటలాడుతున్నారు. ఆయన స్నానం చేసి, కొత్త ధోతి కట్టుకుని, మంగలి ముందు పీట మీద బాసింపట్టు వేసి కూర్చున్నాడు. ఎవరూ కూర్చోమనలేదు. ఆయన అన్న కొడుకు కూడా కొత్త చొక్కా వేసుకుని పక్కనే నిలబడ్డాడు, పాపం, ఎటు చూడాలో తెలియక. పిల్లవాడు నాయనమ్మ భుజం మీద ఉన్నాడు. కూతురు నోట్లో కొంగు పెట్టుకుని నిలబడింది.

"తొందరగా కూసోవెట్టుండ్రమ్మా, ఎనక లైనున్నది" అన్నాడు మంగలి.

ఆమె పిల్లవాణ్ని దించలేదు. ఆయన ముందుకు వచ్చి నిలబడింది. "అన్నా, ఒక్క మాట అడుగుత. దేవుని కాడున్నం. నిజం జెప్పాలె. మా ఆయనది గూడ గిదేనా?"

'అవును' అంటే పిల్లవాడు ఒళ్లోకి వస్తాడు. ఈ దగ్గు అంటుకోదని ఆమె ఒప్పుకున్నట్టే కదా. 'కాదు' అంటే, కలిసి పనిచేసిన ఇద్దరికీ రెండు జబ్బులా అని ఆమె వెనక్కి తిరిగి పోవచ్చు. ఆయన ఎదురుచూసిందంతా ఆ ఒక్క మాట మీద ఉంది.

"కాదు చెల్లె" అన్నాడు. "ఆయనది వేరే."

"ఒక్క తాననే గద పనిజేసింది?"

"తావు ఒక్కటే. పని వేరే. నేను లోపల మిషన్ పట్టిన. ఆయన బయట లారీలకు మట్టి ఎత్తిండు. మట్టి పనికి గీ దగ్గు రాదు. ఆయనకు వచ్చింది అంటేదే. నువ్వు దూరం పెట్టబట్టే నీ కొడుకు ఇయ్యాల గింత మనిషై నిలవడ్డడు. నువ్వు జేసింది మంచి పని."

ఆమె కనురెప్ప వేయకుండా ఆయన్ను చూసింది. తరువాత నా వైపు తిరిగింది. "సదివినోడివి పెద్దన్నా. నిజమేనా?"

నా బతుకంతా ఎదుటివాడి తప్పు మాట దిద్దడంతోనే గడిచింది. సర్పంచు మాట దిద్దాను, తహసీల్దారు మాట దిద్దాను, పెళ్లిళ్లలో పురోహితుడి మాట దిద్దాను. టీబీ కాదు, టీబీ కాదు అని ఊరంతా తిరిగి అరిచినవాణ్ని.

"నిజమేనమ్మా" అన్నాను.

నమ్మిందో, నమ్మినట్టు చేసిందో ఇప్పటికీ నాకు తెలియదు. ఒంగి, పిల్లవాణ్ని ఆయన ఒళ్లో కూర్చోబెట్టింది. కూర్చోబెట్టాక చెయ్యి వెంటనే తీయలేదు. పిల్లవాడు గుక్కపెట్టాడు. మంగలి నీళ్లు చల్లాడు. మొదటి పాయ తెగి ఆయన ధోతి మీద పడింది. ఆయన తల ఒక పక్కకు తిప్పి, దగ్గు రాకుండా నోరు బిగించి, రెండు చేతులా పిల్లవాణ్ని పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. బండ తొలిచే ఆ బరువు యంత్రాన్ని కూడా అంత కదలకుండా పట్టి ఉండడు.

గుండుకు గంధం పూశాక దర్శనానికి మెట్లెక్కాం. పిల్లవాణ్ని ఆయనే ఎత్తుకున్నాడు. మెట్టెక్కడం, ఆగడం, ఊపిరి కోసం వెతుక్కోవడం, మళ్లీ మెట్టెక్కడం. మిగతావాళ్లు ముందుకు పోయారు. నేను ఆయన పక్కన నడిచాను.

"గా మాటెందుకన్నవ్ తమ్మీ? ఆమె గప్పుడే తిరిగి పోయుంటే?"

"పోతే పాయె" అన్నాడు. కొంచెం ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. "నా ఒళ్ల కూసునేది ఒక్క పూట. ఆమె దినాం నిద్రవోవాలె గద."

ఇంకో మెట్టు. పెదవులు నల్లబడ్డాయి. "జర నాకియ్యి వాణ్ని" అన్నాను.

"ఇయ్య."

పై నుంచి అల్లుడు దిగి వచ్చి చేతులు చాచాడు. "మామా, ఇటియ్యి."

"ఇయ్యనంటిగద" అన్నాడు. మెట్టు మీద కూర్చుని, మనవడి గంధపు గుండుకు గడ్డం ఆనించి, ఊపిరి తిరిగి వచ్చేదాకా ఆగాడు. వచ్చాక, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి, పై మెట్టు మీద కాలు పెట్టాడు.